కొమ్ము విరిచి కొన్న ఫోన్

ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క మంచి ఫోను పసుపు కడాయిలో ఉడికిపోయి వారమైంది. పసుపు ఉడికిందో లేదో పుల్ల గుచ్చి చూద్దామని భూమేష్ కడాయి మీదికి వంగడం, కూతురు అంకిత దగ్గర అడిగి తీసుకున్న ఫోను చొక్కా జేబులోంచి జారడం, ఆవిర్ల మధ్య ఒక్కసారి తళుక్కుమని మునిగిపోవడం రెప్పపాటులో జరిగిపోయాయి. జల్లిగంటెతో తోడి బయటికి తీసేసరికి ఫోను కూడా కొమ్ముల్లాగే పచ్చగా, పొగలు కక్కుతూ వచ్చింది. భూమేష్ తల్లి కనకవ్వ దాన్ని చూసి, దానికి గూడ పుల్ల గుచ్చి చూడుండ్రి, ఉడికిందేమో అన్నది. ఆ మాటకు కల్లంలో నవ్వనిది ఇద్దరే. ఒకరు అంకిత, ఇంకొకరు అంకిత తల్లి త్రివేణి.

అంకిత నవ్వకపోవడానికి కారణం తెలిసిందే. త్రివేణి మాత్రం ఏదైనా జరిగితే, దాని పక్కనే జరిగి ఉండాల్సిన చెడునంతా తలచుకున్నాక గానీ నవ్వలేదు. ఫోను కడాయిలోనే పేలి ఉంటే? దాన్ని పట్టుకోబోయి పెనిమిటి మోచేతి దాకా కాలిపోయి ఉంటే? ఇవన్నీ అయ్యాక ఆమెకు నవ్వు వచ్చే వేళకు మిగతావాళ్లు పనిలో పడిపోయి ఉంటారు.

ఫోను పోతే పోయింది, సిమ్ము బతికింది. ఇంట్లో మిగిలిన బటన్ల ఫోనులో అది పట్టకపోవడంతో, దాన్ని త్రివేణి చిన్న డబ్బాలో దూది పరిచి బీరువాలో దాచింది. కానీ దివ్యశ్రీ నంబరు సిమ్ములో లేదు, ఉడికిన ఫోనులో ఉండిపోయింది.

దివ్యశ్రీ హైదరాబాద్‌లో అంగడి నడిపే మనిషి. రంగు కలపని కారం, మర పట్టని బియ్యం లాంటివి వెతికి వెతికి తెప్పించి అమ్ముతుంది. పసుపును ప్రతియేడూ మార్కెట్ యార్డుకు తోలి, వాళ్లు చెప్పిన రేటుకు తల ఊపి రావడమెందుకు, మనమే పొడి కొట్టించి అమ్ముదామని పట్టుబట్టిన అంకిత, ఎలాగో ఆమెను పట్టుకుంది. దివ్యశ్రీ పెట్టిన షరతు ఒక్కటే. పాలిష్ పట్టని కొమ్ము కావాలి. ఎండిన కొమ్మును డ్రమ్ములో వేసి తిప్పితే పైపొర రాలి నిగనిగలాడుతుంది, యార్డులో అందరూ అడిగేది ఆ నిగనిగే. ఆమెకు మాత్రం పొరతో, మట్టి రంగుతో ఉన్నది ఉన్నట్టే కావాలి. ఫలానా శుక్రవారం సాయంత్రం నాలుగింటికి తానే చేసే వీడియో కాల్‌లో తన కళ్లముందు కొమ్ము విరిచి లోపలి రంగు చూపించాలి. నచ్చితే ఏడాది పొడుగునా వీళ్ల పసుపే. నచ్చకపోతే అంకిత తండ్రికిచ్చిన మాట ప్రకారం సంచి సర్దుకుని, మేనమామ హైదరాబాద్‌లో చూసిపెట్టిన ఆఫీసు కొలువుకు పోవాలి. ఈ ఒక్క పంట వరకే భూమేష్ ఆగుతానన్నాడు.

ఆ శుక్రవారం ఇదే.

కమ్మర్‌పల్లి దగ్గర తమ ఊళ్లో తల్లీ కూతుళ్లు పొద్దున్నే ఆర్మూర్ బస్సెక్కారు. ఆడవాళ్లకు ఊరికే ఇచ్చే జీరో టికెట్టు కోసం చూపించిన ఆధార్ కార్డును త్రివేణి మళ్లీ పర్సులో పెట్టి, పర్సును సంచిలో పెట్టి, సంచిని ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ పెట్టుకుంది. సంచి అడుగున ఒక గుడ్డమూట ఉంది. అందులో దోసెడు పసుపు కొమ్ములు. ఆ మూట ఎందుకని అంకిత అడిగితే, బస్సు ఖరాబై నాలుగింటికి ఇంటికి చేరకపోతే రోడ్డు మీదనే నిలబడి చూపించొచ్చు గదా అన్నది తల్లి. అంకితకు మొదట చిరాకు వచ్చింది, తర్వాత అది మంచి ఆలోచనేనని తోచి కిటికీలోంచి చూసింది.

నిజానికి త్రివేణి మనసు బస్సులో లేదు, కల్లంలో ఉంది. వీళ్లు బయల్దేరే వేళకే కిరాయి పాలిష్ డ్రమ్ము ట్రాక్టరు వెనక ఊళ్లోకి వచ్చింది. పక్కింటి ఎల్లయ్య పసుపు ఇవాళ తిప్పుతారు. భూమేష్ ఆ డ్రమ్మును చూశాడు, తర్వాత తమ కల్లంలో మొదటి విడత ఉడికించి ఎండబెట్టిన కుప్పను చూశాడు. గంత మట్టితోని పెద్దమనిషికి ఎట్ల చూపిస్తం అని ఆయన మొదటినుంచీ గొణుగుతూనే ఉన్నాడు. కనకవ్వదీ అదే పాట. పెండ్లిచూపులకు పిల్లను మొకం కడగకుంట కూసోవెడ్తరా అంటుంది. కుప్ప ముట్టొద్దని అంకిత తండ్రి చేత ఒట్టు వేయించుకుంది గనక సరిపోయింది. మోర్తాడ్ దాటేసరికి ఎదురుగా వస్తున్న లారీని చూసి త్రివేణి ఆ సంగతి మరిచిపోయి, డ్రైవరు నిద్రలో ఉన్నాడేమోనని భయపడటం మొదలుపెట్టింది.

ఆర్మూర్‌లో మామిడిపల్లి చౌరస్తా దగ్గర గంగాధర్ మొబైల్ షాపు ఉంది. అతనిది ధర్పల్లి. త్రివేణి చెల్లెలి అత్తగారి ఊరూ అదే కావడంతో అక్కా అని పిలుస్తాడు. ఉడికిన ఫోను సంగతి అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు, చూడగానే నవ్వు దాచుకుంటూ కూర్చోమని స్టూలు జరిపాడు. ఒక కాలు పొట్టిగా ఉన్న ఆ స్టూలు మీద త్రివేణి కూర్చోలేదు. పడితే నడుము పోతుంది.

గంగాధర్ గాజు బల్ల మీద రెండు ఫోన్లు పెట్టాడు. రెండూ ఒకే కంపెనీవి, చూడటానికి అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. ఒకటి ఈ నెలలో వచ్చిన కొత్త మోడలు. ఇంకొకటి పోయినేడు వచ్చింది, కొత్తది దిగగానే దాని ధర కొంత తగ్గింది. కొత్తదాని కెమెరా ఎంత గొప్పదో గంగాధర్ చెబుతుంటే అంకిత కళ్లు విప్పార్చుకుని వింటున్నది. నాలుగేళ్ల వరకు ఇంకో ఫోను ముఖం చూడక్కర్లేదన్నాడు. కావాలంటే నెలనెలా కొంచెం కొంచెంగా కట్టొచ్చన్నాడు. ఆ మాట వినగానే త్రివేణి, కట్టలేక ఇంటి ముందు మనుషులొచ్చి నిలబడినట్టు ఊహించుకుని, ఏదైనా ఇవాళే మొత్తం ఇచ్చేస్తామని చెప్పేసింది.

ఆమెకు పోయినేటిదే నచ్చింది. ఎందుకు నచ్చిందో గంగాధర్ అడిగాడు.

“పోయినేటిది మంది ఏడాది సంది వాడుతుండ్రు తమ్మీ. పేలేటివి పేలినయ్, ఆగేటివి ఆగినయ్. గిప్పుడు మిగిలినయన్నీ మంచియే గద. కొత్తది ఎవ్వలు వాడి చూసిండ్రు?”

గంగాధర్ తల గోక్కున్నాడు. రీఛార్జి కోసం వచ్చి బల్లకు చేరగిలబడి నిలబడ్డ చంద్రయ్య అనే ముసలాయన మాత్రం, ఎద్దులను కొన్నా గట్లనే కొనాలె అని తల ఊపాడు. అంకిత తల పట్టుకుంది.

తల్లికి కెమెరా గొప్పతనం చూపిస్తే మెత్తబడుతుందని గంగాధర్ అనుకున్నాడు. కొత్త ఫోను తీసి అంకితను నవ్వమని ఫొటో కొట్టాడు. తెరను త్రివేణి వైపు తిప్పాడు. కూతురు సినిమా పోస్టరు మీది పిల్లలా ఉంది. చర్మం పాలమీగడలా, కళ్లు మెరుస్తూ, ఎండలో పసుపు ఎండబోసి నల్లబడ్డ చెంపల జాడే లేదు. త్రివేణి ఒక క్షణం మురిసిపోయింది. మరుక్షణం ఆమె వేలు తెర మీదికి పోయి, కూతురి ఎడమ చెంప దగ్గర ఆగింది.

“మచ్చేది?”

అంకిత ఎడమ చెంప మీద కందిగింజంత పుట్టుమచ్చ ఉంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో గుర్తు కింద రాయించింది దాన్నే. చిన్నప్పుడు జాతరల్లో పిల్ల తప్పిపోతే ఆ మచ్చ చెప్పి వెతికించవచ్చని త్రివేణికి ఒక ధైర్యం ఉండేది. పిల్ల ఏనాడూ తప్పిపోలేదు, ఆ ధైర్యం మాత్రం అలాగే మిగిలింది. సర్కారు రాసుకున్న మచ్చను ఈ ఫోను తుడిచేసింది. పోయినేటి ఫోనుతో తీయమన్నది. తీశాడు. అందులో అంకిత కొంచెం నల్లగా, కొంచెం అలసిపోయినట్టు, చెంప మీద మచ్చతో, అచ్చం అంకితలాగే ఉంది.

ఫొటోలో మచ్చ పోతే ఏం పోయిందమ్మా అని అంకిత నవ్వబోయింది. త్రివేణి నవ్వలేదు. ఇంకో భయం అప్పుడే తలుపు తట్టింది.

“మనిషినే గిట్ల చేసిందంటే, పసుపునేం చేస్తదే?”

గంగాధర్ తండ్రిదీ పసుపు పంటే. చంద్రయ్య జీవితమంతా యార్డుకు పసుపు తోలినవాడే. అక్కడున్న వాళ్లలో ఆ మాట అర్థం కానివారు ఎవరూ లేరు.

త్రివేణి సంచిలోంచి గుడ్డమూట తీసి బల్ల మీద విప్పింది. విప్పడమే పొరపాటైంది. ఆర్మూర్‌లో పసుపు కొమ్ము కనబడితే చేతులు ఊరుకోవు. చంద్రయ్య ఒకటి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని టక్కున విరిచాడు. శబ్దం బాగుందని, ఎండ సరిగ్గా తగిలిందని అన్నాడు. గంగాధర్ ఒకటి విరిచి వాసన చూశాడు. పక్కన చెప్పుల దుకాణం నడిపే సువార్త, ఇంత సందడేమిటని వచ్చి, తనకు పసుపుతో పనేమీ లేకపోయినా ఒకటి విరిచి, మా అమ్మగారింట్ల గిట్లాంటిదే ఉండె అన్నది. చూస్తుండగానే దోసెడు కొమ్ముల్లో సగం రెండు ముక్కలయ్యాయి. నాలుగింటికి చూపించడానికి ఒక్కటైనా మిగలదేమోనని త్రివేణి మిగతావాటిని కొంగు కింద దాచుకుంది.

విరిగిన కొమ్మొకటి తీసుకుని అంకిత షాపు బయటికి, ఎండలోకి వెళ్లింది. వాళ్ల పసుపు లోపలి రంగు మామూలుగా కనిపించే పసుపు కాదు. అందులో కుంకుమ చుక్క పడిందా అన్నట్టు ఎర్రటి ఛాయ ఒకటి ఉంటుంది. ఆ ఛాయ కోసమే యార్డులో కొనేవాళ్లు విరిచి చూసేది. గంగాధర్ గడప మీద కూర్చుని మొదట కొత్త ఫోనుతో తీశాడు.

తెర మీద కొమ్ము నిప్పుకణికలా వెలిగింది. నారింజ పండు కోసినట్టుంది. అంత అందమైన పసుపును అక్కడెవరూ వాళ్ల జన్మలో చూసి ఉండరు. సువార్త అబ్బ అన్నది.

తర్వాత పోయినేటి ఫోనుతో తీశాడు. అందులో అదే కొమ్ము నీళ్లు తగిలి వెలిసిపోయినదానిలా, రెండేళ్లు గోదాములో మూలపడ్డదానిలా పాలిపోయి ఉంది. ఎర్రటి ఛాయ పూర్తిగా మాయమైంది.

త్రివేణి రెండు తెరలనూ, కూతురి చేతిలోని కొమ్మునూ మార్చి మార్చి చూసింది. ఒకటి ఎక్కువ చెబుతున్నది, ఇంకొకటి తక్కువ చెబుతున్నది. ఉన్నది ఉన్నట్టు చెప్పేది రెంటిలో ఒక్కటీ లేదు.

ఆ అందం పెంచేదాన్ని ఆపుకునే వీలు లోపల ఉంటుందని గంగాధర్ నొక్కి చూశాడు. మనిషి ముఖానికైతే ఆగింది, మచ్చ తిరిగొచ్చింది. కొమ్ము మాత్రం నారింజ పండులాగే ఉండిపోయింది.

అయినా అంకిత తన నిర్ణయం చెప్పేసింది, కొత్తదే కొందామని. దివ్యశ్రీ చూసే పది కొమ్ముల్లో మనది వెనకబడి కనిపించకూడదు. త్రివేణి అడ్డంగా తల ఊపింది. తక్కువ చూపించి పంపితే సరుకు ఇంటికి చేరినాక ఆమెకు సంతోషమవుతుంది, ఎక్కువ చూపించి పంపితే చేరినాక తిట్టుకుంటుంది అన్నది. చేరేదాకా వస్తే గదా తిట్టుకోవడానికి, ఆ పాలిపోయినదాన్ని చూస్తే ఫోన్‌లోనే వద్దంటుంది అన్నది అంకిత. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. అందుకే గొంతులు పెరిగాయి. గంగాధర్ ఫోను తుడుస్తున్నట్టు తల దించుకున్నాడు. సువార్త తన దుకాణంలోకి పోలేక, ఇక్కడ ఉండలేక గడప దగ్గరే నిలబడింది.

“నువ్వు ఎప్పుడు జూసినా కిందవడ్డంక ఏమైతదో గదే సోంచాయిస్తవమ్మా. ముందుగాల నన్ను నిలవడనియ్యి. గీ ఒక్క కాల్ పోతే నేను రేపే బస్సెక్కాలె. గది నీకు ఎరుకే గద.”

త్రివేణికి ఎరుకే. మేనమామ చూసిన ఆ కొలువు గురించి ఆమె భయపడనిది లేదు. హాస్టలు నీళ్లు, రోడ్డు దాటడం, జ్వరమొస్తే అన్నం పెట్టేవాళ్లు లేకపోవడం, అన్నీ వరసగా తలచుకుని ఉంది. కూతురు ఇంటి దగ్గర ఉండాలని ఆ ఇంట్లో ఎవరికైనా బలంగా ఉందంటే అది త్రివేణికే. అయినా ఆమె అసలు భయం వేరే ఉంది. ఇన్నాళ్లూ దాన్ని ఆమె పైకి అనలేదు.

“నేను ఏడో తరగతి సదివినదాన్ని. నన్ను ఎవ్వలేమన్నా పడ్త బిడ్డా. రేపు పొద్దున గా మేడం పాకిట్ ఇప్పి చూసి, గిది కాదు నాకు జూపించింది, గీ పొల్ల దొంగ అంటే, గది మాత్రం నేను వినలేను.”

గొంతు ఎత్తలేదు, ఏడవలేదు. ఎండలో నిలబడి, కొంగు కింద కొమ్ములు పట్టుకుని, ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది. అమ్మ తన మీద నమ్మకం లేక అడ్డుపడుతున్నదని అంకిత ఇన్ని రోజులూ అనుకుంది.

ఈ గొడవ ఇప్పట్లో తెమిలేది కాదని చంద్రయ్య అనుకున్నట్టున్నాడు. రీఛార్జి చేయించుకుని పోదామని జేబులోంచి రెండు వందల నోటు తీసి, విరిగిన కొమ్ముల పక్కన బల్ల మీద పెట్టాడు.

అంకిత ఆ నోటు వైపే చూస్తూ నిలబడిపోయింది. పసుపు రంగు నోటు. పక్కన పసుపు కొమ్ము. ఆమె ముఖంలో ఏదో కదలడం అందరికంటే ముందు కనిపెట్టింది తల్లే. పిల్ల ఏడాదప్పుడు గోడ పట్టుకోకుండా నడిచిన రోజు కూడా ముందు ఇలాగే చూసింది.

అంకిత నోటు తీసుకుని గడప మీద ఎండలో పరిచింది. దాని పక్కనే విరిగిన కొమ్మును ఆనించి పెట్టింది. రెండు ఫోన్లతోనూ రెండు ఫొటోలు తీసింది. కొత్త ఫోనులో కొమ్ముతో పాటు నోటు కూడా నారింజ పండైంది. పోయినేటి దాంట్లో కొమ్ముతో పాటు నోటూ వెలిసిపోయింది. కానీ రెండింట్లోనూ నోటు కంటే కొమ్ము ఒక్క పిసరు ఎర్రగా ఉంది. బయట, కళ్లముందు ఎండలో కూడా అంతే ఉంది.

“మేడం దగ్గర గూడ గీ నోటు ఉంటది గదమ్మా. నోటు పక్కన పెట్టి జూపిస్తే ఫోన్ ఎంత అబద్ధమాడనీ, రెండిటి మీద ఒక్కతీరుగనే ఆడ్తది. ఆమె చేతుల నోటు పట్టుకుని చూస్తే మన రంగు ఎంతో ఆమెకే తెలుస్తది.”

గంగాధర్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. చంద్రయ్య తన నోటు ఇంత పని చేసినందుకు కాస్త నిటారుగా నిలబడ్డాడు. త్రివేణి మాత్రం ఒంగి నోటును దగ్గరగా చూసి, చేతులు మారి మారి నోటు మాసిపోయి ఉంటే ఎట్లా అని అడిగింది. అంకితకు ఈసారి చిరాకు రాలేదు, నిజమే అన్నది. గంగాధర్ గల్లాలో వెతికి మడత నలగని నోటొకటి తీసి, చంద్రయ్య నోటు బదులు దాన్ని పెట్టబోయాడు. చంద్రయ్య మొదట తన నోటే మంచిదని కాస్త మొండికేసి, చివరికి ఒప్పుకున్నాడు. కొత్త నోటు పక్కన కొమ్ము ఇంకా బాగా తేలింది.

ఇక ఏ ఫోనైనా ఒకటే. అలాంటప్పుడు ఏది కొనాలన్నది ఇంకా కష్టమైంది. ఎందుకంటే ఇప్పుడు త్రివేణి కొత్తదే తీసుకోమన్నది. పిల్ల అంత ముచ్చటపడ్డది, నాలుగేళ్లుంటుందని తమ్ముడే చెబుతున్నాడు, భయమంతా పసుపు గురించే గనక అది తీరింది గదా. అంకితేమో పోయినేటిదే చాలన్నది. ధర తక్కువ, పనికి సరిపోతుంది, మళ్లీ నాయిన కడాయి మీదికి వంగితే పోయేదైనా తక్కువ పోతుంది. గంగాధర్ రెండు ఫోన్ల మీద రెండు చేతులూ పెట్టి, పొద్దున్నుంచి ఎవరు ఏ పక్షమో తనకు రాసిపెట్టమన్నాడు. సువార్త ఇంత నవ్వు నవ్వి తన దుకాణానికి పోయింది, అప్పటికే ఎవరో చెప్పుల కోసం వచ్చి పిలుస్తున్నారు.

చివరికి అంకిత రెండు ఫోన్లలోనూ తన ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసుకుంది. మీగడలాంటి పిల్ల, మచ్చ ఉన్న పిల్ల. కొత్త ఫోనును మెల్లగా గంగాధర్ వైపు జరిపింది.

“గీ పొల్లనైతే నేను గుర్తువడ్తలేను. నా మచ్చ ఉన్న ఫోనే ఇయ్యన్నా.”

త్రివేణి కొంగుతో ముఖం తుడుచుకుని, ఇందాక కూర్చోనని వదిలేసిన ఆ పొట్టికాలి స్టూలు మీద కూర్చుంది. అది కొంచెం ఊగింది గానీ పడలేదు.

డబ్బులిచ్చారు. గంగాధర్ ఫోనుకు అట్టను ఊరికే వేసిచ్చాడు. కడాయిలో పడితే ఈ అట్ట ఆపదని నవ్వుతూ చెప్పాడు. చంద్రయ్య ఎడ్లజత కొన్నంత తృప్తిగా ఫోనును అటూ ఇటూ తిప్పి చూసి, పైలం బిడ్డా అని చెప్పి వెళ్లిపోయాడు. త్రివేణి సంచిలోంచి చిన్న డబ్బా తీసి, దూది విప్పి, సిమ్మును కూతురి అరచేతిలో పెట్టింది. ఒంటిగంట కూడా కాలేదు. నాలుగింటికి ఇంకా టైముంది. బయట ఎండ దంచుతున్నది, చౌరస్తాలో ఎవరో మక్కకంకులు కాలుస్తున్న వాసన వస్తున్నది. బస్సులో తినడానికి రెండు కొందామనుకుంది. ఇంటికి చేరాక తాను కుప్ప ముందు నిలబడి, ఒక చేత్తో నోటు, ఒక చేత్తో కొమ్ము పట్టుకుంటే, కూతురు మేడంతో ఎంత చక్కగా మాట్లాడుతుందో ఊహించుకుంది. ఇలా మంచి జరగడాన్ని ఊహించుకోవడం ఆమెకు అలవాటు లేని పని. కొంచెం సిగ్గుగా కూడా అనిపించింది. ఇంకా భయపడాల్సింది ఏమైనా మిగిలిందా అని మనసులో అన్ని మూలలూ వెతికింది. ఏమీ దొరకలేదు.

సిమ్ము వేసి ఫోను తెరిచిన కాసేపటికే అది మోగింది. పేరు లేదు, ఒట్టి నంబరు. దొంగ కాలేమో, ఎత్తొద్దు అన్నది త్రివేణి. అంకిత అప్పటికే ఎత్తి, తల్లికి కూడా వినబడేలా పెట్టింది.

“హమ్మయ్య, కలిసింది. అంకితా, నేనమ్మా, దివ్యశ్రీని. వారం నుంచి మీ ఫోన్ కలవడం లేదు. ఏమైందోనని కంగారేసింది. ఎలాగూ నిజామాబాద్‌లో పని ఉండి వచ్చాను, ఫోన్‌లో చూసేదేముందిలే అని నేరుగా మీ ఊరే వచ్చేశాను. మీ ఇంట్లోనే ఉన్నాను.”

అంకిత ముఖం వెలిగిపోయింది. త్రివేణి బల్ల మీదున్న నోటు వైపు, మిగిలిన కొమ్ముల వైపు చూసి, ఇంత యుద్ధమూ దేనికోసం చేసినట్టని నవ్వబోయింది. అయితే ఫోనులో దివ్యశ్రీ గొంతు వెనక ఇంకో శబ్దం వినబడుతున్నది. రాళ్లు దొర్లుతున్నట్టు గడగడమని, ఆగకుండా.

“ఏం శబ్దం మేడం అది?” అని అడిగింది అంకిత.

“అదా, పక్కింటి వాళ్లదట, ఏదో పెద్ద డ్రమ్ము తిరుగుతోంది. మీ నాన్నగారు ఎంత మర్యాదస్తులమ్మా. నేను వచ్చానని తెలియగానే, ‘జర కూసోండ్రి, మీకు చూపించేది గిట్ల మట్టితోని ఉండొద్దు’ అని పరిగెత్తారు. నానమ్మగారేమో టీ తాగకుండా లేవనివ్వడం లేదు.”

అంకిత తల్లి వైపు చూసింది. తండ్రి వేసిన ఒట్టు అంకిత దగ్గర వేసినది. ఇంటి ముందు పెద్దమనిషి దిగినప్పుడు ఆ ఒట్టు ఆయనకు ఎంతవరకు గుర్తుంటుందో ఇద్దరికీ తెలుసు. ఉడికిన ఫోను తర్వాత ఆ ఇంట్లో మిగిలిన బటన్ల ఫోను ఇప్పుడు త్రివేణి సంచిలోనే ఉంది.

“మేడం, గా ఫోన్ జర మా నాయినకు ఇయ్యుండ్రి. జల్ది.”

“ఆయన ఇప్పుడు మాట్లాడలేరమ్మా,” అన్నది దివ్యశ్రీ, ఏమీ తెలియని సంతోషంతో. “భుజం మీద బస్తా ఉంది. డ్రమ్ము మూత తీస్తున్నారు.”

పొద్దుటినుంచి త్రివేణి బస్సుకు భయపడింది, లారీకి భయపడింది, స్టూలుకు, ఫోనుకు, నోటుకు భయపడింది. భయపడటం మరిచిపోయింది ఆ డ్రమ్ము ఒక్కదాని గురించే.